‘మరిన్ని’ కింద చివరి పేరు

నమోదు 1

పందిళ్ళపేట పురజనులకు, వారి బంధుమిత్రులకు, ఇప్పుడే లేచి ఆవలిస్తున్నవారికి సైతం ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: నేటి ఉదయం నుంచి ‘నీడ’ యాప్‌లోని పంచు బటను తన పూర్వస్థానం నుంచి బొటనవేలి వెడల్పంత ఎడమకు జరిగినది. దాని రంగు పండిన నిమ్మకాయ నుంచి పండబోతున్న నిమ్మకాయకు మారినది. ఈ మార్పు వల్ల ఏ కులానికీ, ఏ వీధికీ, ఏ అల్లుడికీ అవమానం జరగలేదని కమిటీ హామీ ఇస్తున్నది. పాత చోటే పొడిచి పొడిచి ఫోను అద్దం పగలగొట్టుకున్నవారికి కమిటీ పూచీ లేదు. ఈ విషయమై ధర్నాలు, ఉపవాసాలు నిషిద్ధం. ఇట్లు, చంటిబాబు, యాప్ సంరక్షకుడు, పదో తరగతి ఫెయిలు.

ఈ ప్రకటన పొద్దున్నే అందరి ఫోన్లకీ పంపాను. పంపి పడుకున్నాను. లేచేసరికి బటను ఎందుకు జరిపావని తిడుతూ సగం ఊరు ఫోన్లు చేసింది. నాకు యాభై దాటింది. చిన్నప్పుడు పెట్టిన పేరు కాబట్టి చంటిబాబునే. బటను జరిపింది నేను కాదు, ఫోన్లని నడిపే సిస్టం. దాన్ని తయారుచేసేవాళ్ళు ఎక్కడో చల్లటి దేశంలో ఉంటారు. ఏడాదికోసారి వాళ్ళకి చేతులు దురద పెడతాయి, మనకి పని పడుతుంది.

సిస్టం మారినప్పుడల్లా సంరక్షకుడు చిట్టా రాయాలని కమిటీ రూలు. దాన్ని ఎవరైనా చదవాలన్న రూలు లేదు. కాబట్టి ఇందులో నా ఇష్టం.

ఈసారి మారిన ముఖ్యమైన సంగతి బటను కాదు, మెనూ. పంచు నొక్కగానే కింది నుంచి లేచి సగం తెరని కప్పేసే జాబితా. మనతో నడిచే పందిరి నీడ ఎవరికి పంచాలో అందులో ఎంచుకోవాలి. మొన్నటిదాకా అక్షరక్రమంలో ఊరందరి పేర్లూ వచ్చేవి. ఇప్పుడు నాలుగే నాలుగు మొహాలు గుండ్రంగా వస్తున్నాయి, పక్కన ‘మరిన్ని’ అని చిన్న మాట. పాత లెక్కలు చెరిపేసి కొత్తగా మనం ఎవరికి ఎక్కువ పంచుతుంటే వాళ్ళ మొహాలు ముందుకి, మిగతావాళ్ళు ఊరి మొత్తం లెక్క ప్రకారం ‘మరిన్ని’ కిందకి. బాగానే ఉంది. అందంగా కూడా ఉంది. పడుకుంటాను.

నమోదు 2

సంత కూడలిలో ఊరందరికీ పెట్టిన పెద్ద తెర పలక పొద్దుటి నుంచి మూడుసార్లు కళ్ళు తేలేసింది. ఫోన్లు లేని ముసలివాళ్ళు, చేతులు ఖాళీ లేనివాళ్ళు దాని మీదే పంచు నొక్కుతారు. నొక్కగానే యాప్ చచ్చిపోతోంది.

కారణం దొరకడానికి అరపూట పట్టింది. చిన్న ఫోనులో మెనూ దానంతటదే కింది నుంచి లేస్తుంది. పెద్ద పలక మీద మాత్రం అది ఎక్కణ్ణుంచి పుట్టాలో మనం కోడులో వేలు పెట్టి చూపించాలి. చూపించకపోతే దిక్కు తోచక మొత్తం యాప్‌ని వెంటేసుకుని పడిపోతుంది. తెర మీద ఏదో ఒక చోటు చెప్పాలి కదా అని చూస్తే, పైన కమిటీ ప్రెసిడెంటు తాతారావుగారి ఫొటో ఉంది. ఆయన మీసం కుడికొస చక్కగా తిరిగి ఉంది. అక్కడ చూపించాను.

సాయంత్రం తాతారావుగారు ఆఫీసుకి వచ్చారు. తడిసిన కండువాతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నారు.

“చంటిబాబూ, సంతలో జనం నా మీసం పట్టుకుని నొక్కుతున్నారేంటయ్యా?”

“మీసాన్ని కాదండి, పంచు బటన్నే. మెనూ మీ మీసంలోంచి వస్తోందంతే.”

“అదే, ఎందుకొస్తోంది?”

“ఊరికి నీడ మీ దయే కదండీ. ఎక్కణ్ణుంచి రావాలి మరి?”

ఆయనకి కోప్పడాలో సంతోషించాలో తేలలేదు. “రేపటికి మార్చెయ్” అని వెళ్ళిపోయారు. నాకు ఓపిక లేదు. ఎల్లుండి మారుస్తాను.

నమోదు 3

ఇది పనికి సంబంధించింది కాదు. లేక అదే పనేమో.

మా ఆఫీసు గోడా అచ్చియ్యమ్మగారి వసారా గోడా ఒకటే. మధ్యలో చిన్న తలుపు. ఆవిడ నాకు చుట్టం కాదు గానీ అత్తయ్యా అంటాను, ఆవిడ నన్ను వెధవా అంటుంది. రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి ఆవిడ. ఆసుపత్రి ఊరికి ఆ కొసని, మూడు కూడళ్ళు దాటాక. పొద్దెక్కాక బయట తల పెడితే మనిషి అక్కడే పడిపోయే ఎండ మనది. నెత్తి మీద పట్టాలకి వేలాడే పందిరి గుడ్డ కింద నడవాలి, అది మనతో నడుస్తుంది. గాలివానలో గుడ్డలు చిరిగిపోయాక, ఒంటరిగా ఉండేవాళ్ళ ఇళ్ళ పందిళ్ళు కమిటీ తీసేసుకుని పెద్ద కుటుంబాలకి ఇచ్చింది. ఆవిడదీ పోయింది, నాదీ పోయింది. మా అక్క బజారుకి వచ్చినప్పుడు నన్నూ తీసుకెళ్తుంది. అచ్చియ్యమ్మగారికి అక్క లేదు.

ఇవాళ తలుపు తీసి చూస్తే సంచీ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఫోను సంచీ మీద. మొహం ఉబ్బింది. కాళ్ళు కూడా.

“ఆసుపత్రికి వెళ్ళలేదా అత్తయ్యా?”

“వెళ్తాను. నీడ వస్తుంది కదా.”

“మొన్న వెళ్ళావా?”

“మొన్న ఎవరికో పనులున్నట్టున్నాయి, రాలేదు. నీకెందుకురా, నీ బటన్లు నువ్వు జరుపుకో.”

మొన్నా రాలేదు. ఇవాళా రాలేదు. సిస్టం మారిన రోజు నుంచి ఆ గుమ్మంలోకి నీడ రాలేదు. అంతకుముందు ఏ రోజూ తప్పేది కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. పాత మెనూలో పేర్లు అక్షరక్రమంలో ఉండేవి. ఆవిడ పేరు ‘అ’తో మొదలు. ఎవరు పంచు నొక్కినా మొదట కనిపించేది అచ్చియ్యమ్మే. బద్ధకస్తులు కూడా పైనున్న పేరు నొక్కి పుణ్యం కట్టుకునేవారు. ఊరు తనని అంత గౌరవిస్తోందని ఆవిడ నమ్మకం. ఈ ముక్క ఆవిడతో చెప్పే ధైర్యం నాకు లేదు. నన్ను ఊరంతా ధైర్యవంతుడంటారు. అది వేరే రకం ధైర్యం.

నమోదు 4

బయటివాళ్ళెవరైనా ఇది చదివితే ‘అడిగితే సరిపోయేదిగా’ అంటారు. అందుకని రాస్తున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పందిళ్ళపేటలో అడిగితే అమ్మైనా పెట్టదు. మొదటి ఎండలు వచ్చిన ఏళ్ళలో నీడ కోసం జనం కొట్టుకున్నారు, పందిళ్ళ కిందనుంచి మనుషుల్ని తోసేశారు. ఆ తర్వాత పెద్దలు పెట్టిన కట్టు: నీడ ఉన్నవాడు ముందు పిలవాలి, లేనివాడు నోరు తెరవకూడదు. ఎవరినైనా నీడ అడగడమంటే ‘నువ్వు నన్ను ఎండకి వదిలేసే మనిషివి’ అని మొహం మీద అనడం. అడిగినవాడి పరువూ పోతుంది, అడిగించుకున్నవాడి పరువూ పోతుంది. ఆ మాట అనే అవసరం రాకుండా ఉండటానికే పంచు బటను పెట్టారు.

అయినా ఇవాళ నేను ఒక పాడు పని చేశాను. మెనూ సిస్టంది, అందులో మొహాల వరుస ముట్టుకోవడం నా వల్ల కాదు. కానీ దాని అడుగున మన యాప్ సొంతంగా ఒక వరస చేర్చుకోవచ్చు, ‘పనులు’ అని. అక్కడ ‘అచ్చియ్యమ్మగారికి పంచు’ అని ఒక బటను చేర్చాను.

గంటలో రెండు పందిళ్ళు ఆవిడ గుమ్మం ముందు ఆగాయి. ఒకదాని కింద ఉన్న పెద్దమనిషి, “పాపం అమ్మా, ఇబ్బందిగా ఉందంట కదా, రండి” అన్నాడు. ఆ ‘అంట’తో అయిపోయింది.

“ఎవరన్నారు నాకు ఇబ్బందని?” అచ్చియ్యమ్మగారి గొంతు ఇటు వీధికి, అటు వీధికి కూడా వినపడింది. “ఏదీ ఆ ఫోను చూపించు.” చూసింది. వాళ్ళని పంపించేసింది. మధ్య తలుపు తోసుకుని నా ముందుకి వచ్చింది. ఉబ్బిన కాళ్ళతో ఆ నాలుగు అడుగులూ వేయడానికి ఆయాసపడింది.

“నా పేరు బటను చేసి బజార్లో పెట్టావా? దండోరా ఒక్కటే తక్కువ. వేయించెయ్ అది కూడా.”

“అత్తయ్యా, నువ్వు ఇంకో రెండు పూటలు మానేస్తే...”

“చస్తాను. నాకు తెలీదనుకున్నావా? చచ్చినా అడిగి తెచ్చుకున్న నీడ కింద చావను. తీసెయ్ అది. ఇప్పుడే, నేను చూస్తుండగా.”

తీసేశాను. ఆవిడ నిలబడి చూసింది. తీసేశాక నా కుర్చీలో కూర్చుని నా మంచినీళ్ళు తాగి, “ఉప్పగా ఉన్నాయి” అని తిట్టి వెళ్ళింది.

నమోదు 5

తాతారావుగారింటికి వెళ్ళాను, అక్క పందిరి కింద. అక్క దారంతా సణిగింది. తాతారావుగారు ముందే, “మీసం మార్చావా?” అన్నారు.

“అది తర్వాతండి. మీ ఫోనులో ఒకసారి పంచు నొక్కండి.”

నొక్కారు. నాలుగు మొహాలు వచ్చాయి. బావమరిది, వియ్యంకుడు, పేకాట స్నేహితుడు, మళ్ళీ ఇంకో బావమరిది.

“బాగానే వస్తోంది కదయ్యా మెనూ.”

“‘మరిన్ని’ నొక్కండి. కిందకి జరపండి. ఇంకా. ఇంకా అండి.”

“వేలు నొప్పెడుతోంది. ఎంత కిందకయ్యా?”

“అట్టడుగున చూడండి ఎవరున్నారో.”

“అచ్చియ్యమ్మ.” ఆయన ఫోను దించారు. “అంత కిందకి ఎవడు జరుపుతాడయ్యా? ఎవరికీ ఆవిడ మీద కోపం లేదు. కాస్త నోరెక్కువే గానీ.”

“కోపం లేదండి. కోపముంటే కనీసం గుర్తుంటుంది.”

“మరి వరస మార్చెయ్.”

“అది మనది కాదండి. మనం పిలవడం వరకే. ఇదిగో పంచాల్సిన నీడ అని చేతిలో పెట్టి, రా అంటాం. మెనూ వస్తుంది. పెళ్ళికి పురోహితుణ్ణి పిలుస్తాం గానీ మంత్రాలు మనం మారుస్తామా? తర్వాత ఎవరికి పంచారో కూడా మనకి చెప్పదు. పంచారు, లేకపోతే మూసేశారు. ఆ రెండే చెబుతుంది.”

“అయితే కమిటీలో పెడదాం, వచ్చే సమావేశంలో.”

వచ్చే సమావేశం అమావాస్య వెళ్ళాక. అచ్చియ్యమ్మగారి కాళ్ళకి అమావాస్య దాకా ఆగే ఓపిక లేదు. నేను నవ్వుతూ వచ్చేశాను. అలసట ఎక్కువైతే నాకు నవ్వొస్తుంది. దాన్ని జనం వేళాకోళమనుకుంటారు.

నమోదు 7

ఆరో నమోదు రాయలేదు. ఆ రోజంతా కొత్త సిస్టంతో వచ్చిన నోట్సు చదువుతూ కూర్చున్నాను. ఎవరూ చదవని కాగితాలవి, చిన్న అక్షరాలు, నా చదువుకి మించిన భాష. నిఘంటువు పెట్టుకుని ముక్క ముక్క కూడబలుక్కున్నాను. చిట్టచివర ఒక లైను దొరికింది.

మన ఊరి కూడళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట పందిళ్ళన్నీ వరసగా ఆగిపోతాయి. కింద జనం పొయ్యి మీద పెనంలాగా మాడుతూ ముందున్నవాడి వంశాన్ని తలుచుకుంటారు. ఈ ఊళ్ళో మనుషులు ఆకలినైనా ఓర్చుకుంటారు గానీ కూడలిలో ఆగడాన్ని ఓర్చుకోలేరు. ఆ నోట్సులో ఉన్నదేమంటే: మెనూలో అట్టడుగున ఉన్న మనిషి ఏ పందిరి కింద ఉంటే, కూడలిలో ఆ పందిరికి ముందు దారి. మిగతావన్నీ ఆగుతాయి, అది సాగిపోతుంది.

చల్లటి దేశంలో కూర్చుని బటన్లు జరిపేవాళ్ళకి ఇంత బుద్ధి ఎలా పుట్టిందో తెలియలేదు.

అక్క పందిరి కింద నేరుగా పేర్రాజు దగ్గరకి వెళ్ళాను. సంత కూడలిలో టీ కొట్టు అతనిది. నన్ను బావా అంటాడు. మూడు కూడళ్ళకీ అవతల, ఆసుపత్రి పక్కనే ఉన్న పాలకేంద్రం నుంచి రోజూ పాలు తెచ్చుకోవాలి అతను. దారిలో ఆగి ఆగి పాలు విరిగిపోతుంటాయి, ఆ టీ మాకు పోస్తాడు.

“పేర్రాజూ, నీకో సంగతి చెబుతాను. ఎవరికీ చెప్పకు.”

“నేనెప్పుడైనా చెప్పానా బావా?”

“అందుకే నీకు చెబుతున్నా.”

చెప్పాను. అతను గరిటె దించకుండా విన్నాడు.

“అట్టడుగున ఎవరున్నారిప్పుడు?”

“నువ్వే చూసుకో. ‘మరిన్ని’ నొక్కి.”

జరిపాడు, జరిపాడు, జరిపాడు. “ఓర్నీ. ఆవిడా! ఆవిడ నా టీని కుడితి అంది బావా.”

“అనలేదా నేను కూడా?”

“నువ్వంటే వేళాకోళం. ఆవిడ తాగి అంది.” పాలడబ్బా వైపు చూశాడు. “నిజంగా ఆగకుండా వెళ్ళిపోద్దా?”

“నేను చెప్పేదేముంది. వెళ్ళి చూడు.”

నమోదు 8

పొద్దున్నే మధ్య తలుపు సందులోంచి చూస్తున్నాను. అచ్చియ్యమ్మగారు గుమ్మంలో గోడకి ఆనుకుని ఉంది. సంచీ కింద పడిపోయి ఉంది, తీసుకోలేదు. ఫోను టింగుమంది. ‘నీడ వస్తోంది’ అని. ఆవిడ ఫోను వైపు చూసింది, తర్వాత వీధి వైపు చూసింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

పేర్రాజు పందిరి ఆగింది. అతనికి నేనేమీ నేర్పలేదు, అయినా సరిగ్గా అన్నాడు. “అమ్మగారూ, పాలకేంద్రానికి వెళ్తున్నానండి. ఒక్కణ్ణీ నడవలేకపోతున్నాను, తోడు వస్తారేమోనని.”

“ఆ కుడితికి మళ్ళీ పాలు కూడానా?”

“ఆయ్, మీరు దగ్గరుండి చూస్తే మంచి పాలు పోయించుకుంటానండి.”

ఆవిడ లేవడానికి కాస్త సమయం పట్టింది. అతను పందిరి కొస దాటి చెయ్యి బయటపెట్టి సంచీ తీసుకున్నాడు. ఎండ తగిలిన చోట అతని ముంజేయి కమిలింది. వెళ్ళారు.

సాయంత్రానికి ఆవిడ తిరిగొచ్చింది. మొహం వాపు దిగింది. మధ్య తలుపు కొట్టి, “మంచినీళ్ళు ఉప్పగా ఉన్నాయని చెప్పానుగా, మార్చవేం?” అంది.

తర్వాత పేర్రాజు ఫోను చేశాడు. “బావా! రెండు కూడళ్ళలో అసలు ఆగలేదు. మూడోదాన్లో ఓ క్షణం ఆగింది, అంతే. పాలు పాలల్లే ఉన్నాయి!”

“ఎవరికీ చెప్పలేదు కదా?”

“అబ్బే. మా బావమరిదికి తప్ప.”

నమోదు 11

అచ్చియ్యమ్మగారి గుమ్మం ముందు ఇవాళ పట్టపగలు చీకటి. ఒకదాని వెనక ఒకటి పందిళ్ళు. అన్నిటి కిందా పెద్దమనుషులు, మర్యాదలు.

“అమ్మా, ఇటు దయచేయండి.”

“ముందు నేను పిలిచానండి. ఫోను చూడండి కావాలంటే.”

“అత్తమ్మగారూ, మాది కొత్త గుడ్డండి, చల్లగా ఉంటది.”

ఆవిడ గుమ్మంలో నిలబడి పెళ్ళికొడుకుల్ని చూసినట్టు ఒక్కొక్కరినీ పైనుంచి కిందికి చూసింది. “నీ పందిరి ఉతికి ఎన్నాళ్ళయింది? పొగ వాసన. నువ్వు జరుగు. నువ్వు మరీ గబగబా నడుస్తావు, నేను పరుగెత్తలేను. ఒరేయ్, నువ్వు మా వీధి కొసింటివాళ్ళ మనవడివి కాదూ? మీ తాత నాలుగిళ్ళ అవతల ఉండి మొహం చూసేవాడు కాదు. పద, నీతో వస్తాను. దారిలో చెబుతాను మీ తాత సంగతి.”

ఆ కుర్రాడి మొహం చూడాలి. అయినా పట్టుకున్నాడు సంచీని.

చిట్టాకి అవసరమైన సంగతి: ఇంతమంది పంచేసరికి ఆవిడ మెనూలో పైకి ఎగబాకింది. ఇప్పుడు చాలా ఫోన్లలో నాలుగు మొహాల్లో ఒకటి. అడుగున ఇంకెవరో చేరారు. కూడలి అవతలి చెప్పుల దుకాణం ముసలాయన. సాయంత్రానికల్లా ఆయన గుమ్మం దగ్గర చీకటి. ఆయన చాలా రోజులుగా ఇల్లు కదల్లేదట, ఎవరూ గమనించలేదు. పందిరి కిందకి పిలిచినవాళ్ళు ఎక్కడికెళ్తారని అడిగితే, “ఎక్కడికైనా పరవాలేదు, ఊరు చూసి చాలా కాలమైంది” అన్నాడట.

నమోదు 13

తాతారావుగారు ఉత్సాహంగా ఉన్నారు. అది ప్రమాదం.

“చంటిబాబూ, కూడళ్ళలో రద్దీ తగ్గిపోయిందయ్యా. ఆగిపోయామన్న ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. ఆ రూలు పెట్టినవాళ్ళకి కృతజ్ఞతలు రాద్దాం. పెద్ద పలక మీద కూడా వేద్దాం, నా ఫొటో కింద.”

“వద్దండి.”

“ఎందుకొద్దు?”

“బయటపెడితే పక్క ఊరివాళ్ళకి తెలుస్తుందండి. రూలు అందరూ వాడితే అరిగిపోతుంది.”

“రూలు అరుగుతుందా?”

“సిస్టంలో అన్నీ అరుగుతాయండి. నా వేళ్ళు చూడండి.”

ఆయన నా వేళ్ళ వైపు నిజంగానే చూశారు. “సరే, రహస్యంగా ఉంచుదాం” అని గొంతు తగ్గించారు. ఊరంతా తెలిసిన రహస్యాన్ని మేమిద్దరం చాలా భద్రంగా దాచుకున్నాం. వెళ్తూ గుమ్మంలో ఆగి, “ఆ మీసం ఉండనియ్యి. జనం అలవాటు పడ్డారు” అన్నారు.

నమోదు 16

పన్ను నొప్పి. దవడ అచ్చియ్యమ్మగారి కాళ్ళలాగా తయారైంది. అక్క ఊళ్ళో లేదు. గుమ్మంలో కూర్చున్నాను, ఫోను ఒళ్ళో పెట్టుకుని. ఈ వైపు నుంచి ఆ గుమ్మం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. పందిళ్ళు వీధిలో వెళ్తుంటాయి. ప్రతిదీ మనకోసమే వస్తున్నట్టుంటుంది, దగ్గరికొచ్చి వెళ్ళిపోతుంది. మెడ నొప్పెడుతుంది.

రెండు పూటలు అలా కూర్చున్నాక పేర్రాజుకి ఫోను చేశాను. నీడ గురించి కాదు. ఊరికే. టీ ఎలా ఉందని.

“బావా, నీకో సంగతి తెలుసా? మెనూలో అట్టడుగున ఇప్పుడు నువ్వే.”

నా గుండె తేలికపడింది. “అయితే నా గుమ్మం ముందు చీకటి పడాలే.”

“పడదు బావా. అడుగున నీ పేరు చూసి అందరూ నవ్వుతున్నారు. నువ్వే అలా పెట్టుకున్నావంటున్నారు. ఇది చంటిబాబు కొత్త వేళాకోళం, ఎవడూ నొక్కకండి, నొక్కితే పందిరి తిన్నగా చెరువు గట్టుకి పోద్ది అంటున్నారు.”

“నువ్వేమన్నావు?”

“నేనూ నవ్వాను బావా. కాదా ఏంటి?”

నాకు పన్ను నొప్పెడుతోందని చెప్పబోయాను. అది చెప్పడం అడగడంతో సమానం. ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి బటన్ల మీద నేను ఆడిన ఆటలన్నీ ఒక్కసారి లెక్కకొచ్చాయి. ఫోను పెట్టేశాను.

నమోదు 17

ఇవాళ ఫోను మోగలేదు. నీడ మాత్రం వచ్చింది. టింగుమనకుండా వచ్చిన నీడ ఇదొక్కటే.

పేర్రాజు పందిరి. కింద అతనూ అచ్చియ్యమ్మగారూ. ఆవిడ ఆసుపత్రికి వెళ్తోంది. పందిరి నా గుమ్మం దగ్గర ఆగింది, ఎందుకంటే ఆవిడ నడక ఆపేసింది. పందిరి మనిషితో నడుస్తుంది, మనిషి ఆగితే ఆగుతుంది. ఆ సంగతి వాడుకోవచ్చని సంరక్షకుడైన నాకే తట్టలేదు.

“ఒరేయ్, మాకు తోడు కావాలి. ఈ పేర్రాజు పాటలు పాడుతున్నాడు, ఒక్కదాన్నీ భరించలేను. రా.”

“వేళాకోళం కాదు కదండీ ఇది?” పేర్రాజు అనుమానంగా అన్నాడు.

“వాడి దవడ చూడు. అంత వేళాకోళం ఎవడూ చేసుకోలేడు.”

వెళ్ళి వాళ్ళ మధ్యన నిలబడ్డాను. ముగ్గురం నడిచాం. పేర్రాజు రెండడుగులు ముందు, పాట ఆపకుండా. మొదటి కూడలి దగ్గర ఆవిడ నా చెవి దగ్గర నెమ్మదిగా అంది.

“అప్పట్లో నా మీద గౌరవంతో వచ్చేవారని నేను నమ్మాననుకున్నావా? నా పేరు ముందుండేది, అందుకొచ్చేవారు. నాకు తెలీదా ఏంటి? అక్షరాలు నేనూ నేర్చుకున్నాను.”

ఆవిడ సంచీ నా భుజానికి మార్చుకున్నాను.

“ఇప్పుడు దేనికి వస్తున్నారో కూడా తెలుసు. ఆ చెప్పులాయన అడుగున ఉన్న రోజు, ఆయన వెళ్ళిన పందిరి వెనకాలే ఇంకో పందిరి కింద నేనూ వెళ్ళాను. కూడలిలో ఎవరికి ముందు దారి ఇస్తున్నారో కళ్ళారా చూశాను.”

“చూశావా?”

“చూశాను. నోరు మూసుకుని నడువు, దవడకి గాలి తగులుతుంది.”

కూడలి దాటేశాం. ఎక్కడా ఆగలేదు. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు. మా ఊళ్ళో మర్యాద అంటే అదే.

నమోదు 18

పన్ను పీకేశారు. పనిలో చేరాను. మళ్ళీ సిస్టం మారబోతోందట, ఈసారి బటను కుడికి జరుగుతుందట. ప్రకటన రాసుకోవాలి.

ఇది ఈ చిట్టాలో అట్టడుగు నమోదు. ఇంత కిందకి జరిపి చదివేవాడు ఈ ఊళ్ళో లేడు కాబట్టి ఇక్కడ రాసి పడుకుంటాను. కూడళ్ళలో రద్దీ తగ్గింది నిజమే. ఒక్కో పందిరి కింద ఒక్కరు నడిచే ఊళ్ళో ఇద్దరేసి ముగ్గురేసి నడవడం మొదలుపెడితే పట్టాల మీద పందిళ్ళు సగమైపోతాయి, ఆగడానికి ముందు ఎవరూ ఉండరు. దానికి ఏ రూలూ అక్కర్లేదు. కూడలిలో ముందొచ్చినవాడికే ముందు దారి, ఎప్పటిలాగే. మొదటి రోజు పేర్రాజు ఆగకపోవడం ఉత్త అదృష్టం.

ఆ నోట్సు నేను చదివిన మాట నిజం. నిఘంటువు మాట నిజం. చిట్టచివర ఒక లైను ఉన్న మాటా నిజం. అందులో ఉన్నది ‘చిన్న చిన్న లోపాలు సరిచేశాము’ అని. అడుగున ఉన్నవాడికి ముందు దారి అన్న రూలు ఎక్కడా లేదు. అది నేను కల్పించింది.